బీరువాలో దాచిన నెట్‌వర్క్

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేను డైరీ రాస్తున్నాను. నా డైరీల్లో మనసు సంగతులు ఉండవు. ఎన్ని గంటలకు బడికి చేరాను, ఎవరు సెలవు పెట్టారు, వాన పడిందా, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చింది, ఏ కాగితం ఎవరికి పంపాను, ఇవే ఉంటాయి. మా ఆవిడ ఒకసారి ఒక ఏడాది డైరీ మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, "ఇందులో నేనెక్కడా లేనేటండీ" అంది. వెతికి చూపించాను. మార్చి నెలలో ఒకచోట ఉంది: "ఇంట్లో వారికి జ్వరం. క్యారియరు లేదు."

ఇప్పుడు చెప్పబోయేది నా సర్వీసులో ఆఖరి విద్యాసంవత్సరం సంగతి. రెండు వేల దశకం సగం దాటిన రోజులు. మా ఇల్లు అనకాపల్లిలో. కె. కోటపాడు వెళ్లే రోడ్డు మీద ఒక ఊరి ప్రభుత్వ హైస్కూలుకి నేను హెడ్మాస్టరుని. ఊరి చుట్టూ చెరకు, వరి. బెల్లం వండే రోజుల్లో పదో తరగతి హాజరు సగానికి పడిపోయేది.

ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్లు పెట్టి, వాటికి తీగ లేకుండా ఇంటర్నెట్ ఇచ్చే పథకానికి నిధులు విడుదల చేసింది. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. దాని కోసం నేను మూడేళ్లుగా రాస్తున్నాను. తలుపుకి నిధులు లేవని జవాబు వచ్చిన వారంలోనే, కంప్యూటర్లకి చల్లటి గది మంజూరైందని ఉత్తర్వు వచ్చింది. రెండింటి మీదా ఒకటే సంతకం. రెండూ వరుస నంబర్లు వేసి ఫైలులో పెట్టాను.

వేసవి సెలవుల్లో పనులు జరిగిపోయాయి. కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ వాళ్లు పది కంప్యూటర్లు దింపారు. డాబా మీద ఒక ఇనప స్తంభం పాతి, దానికి అన్నం తినే కంచమంత తెల్లటి పెట్టె ఒకటి బిగించారు. అనకాపల్లి టవరు నుంచి గాలిలో వచ్చే ఇంటర్నెట్‌ని ఆ పెట్టె పట్టుకుంటుందట. పథకం పేరు గోడ మీద ఎర్ర రంగుతో మనిషెత్తు అక్షరాల్లో రాయించారు. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషి కొబ్బరికాయ కొట్టి, ఒక మీట నొక్కాడు. తెర మీద ఒక పువ్వు వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ పువ్వు కంప్యూటరులో ముందే ఉన్నదని తర్వాత తెలిసింది.

కంప్యూటర్లతోపాటు కంపెనీ ఒక టీచరుని కూడా ఇచ్చింది. దేవరాపల్లి వైపు ఊరి నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. వాళ్ల ఇంట్లో చెరకు డబ్బు ఏడాదికొకసారి వస్తుంది, నెలనెలా వచ్చేది ఈ అమ్మాయి జీతం ఒక్కటే. ఉద్యోగం ఏడాదికే. ఇంటర్నెట్ ఎన్ని గంటలు వాడారన్నది హైదరాబాదులో ఎక్కడో దానంతట అదే నమోదవుతుందనీ, ఆ లెక్క బాగుంటేనే పై ఏడు కొనసాగిస్తారనీ చేరిన రోజే నాకు చెప్పింది. నేను డైరీలో రాసుకున్నాను.

అసలు విషయం పెట్టె దగ్గర మొదలైంది. బడిలోకి ఏ వస్తువు వచ్చినా స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. "వైర్‌లెస్ పరికరం, తెల్లది, ఒకటి" అని రాసి, స్కేలుతో కొలతలు తీసి, రేషను షాపులో తూయించి బరువు కూడా వేశాను. ఆ రిజిస్టరులో ఉన్నది పోతే హెడ్మాస్టరుదే బాధ్యత. నాకు తెలిసిన ఒక హెడ్మాస్టరు రిటైరైన రోజున రెండు సీలింగు ఫ్యాన్లు లెక్కకు రాలేదు. ఆయన పింఛను కాగితాలు కదలడానికి రెండేళ్లు పట్టింది. నాకు పది నెలల సర్వీసు మిగిలి ఉంది. నా పింఛను ఒక ఇనప స్తంభం మీద, రెండు నట్ల మీద, ఆరుబయట వేలాడుతోంది.

అందుకని మా అటెండరుని పిలిచి, రోజూ సాయంత్రం ఆ పెట్టె దించి నా గదిలో బీరువాలో పెట్టమన్నాను. ఉదయం మళ్లీ ఎక్కించాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. విలువైన వస్తువు ఎక్కడ ఉంటుందో నలుగురికీ తెలియడం మంచిది కాదు. అతను ఆ ఊరి మనిషే, యాభై దాటినవాడు, నిచ్చెన వేసుకుని డాబా ఎక్కడం అతనికే చేతనవును. నాకు మోకాళ్లు సహకరించవు. ఆడమనిషి నిచ్చెన ఎక్కి పడితే జవాబు చెప్పాల్సింది నేనే కాబట్టి, కంప్యూటరు టీచరు డాబా ఎక్కకూడదని మొదటి వారంలోనే చెప్పేశాను.

మొదటి ఉదయం అటెండరు నిచ్చెన దిగి నా గదికి వచ్చాడు.

"బాబూ, ఈ సేటని ఎటు మొకం పెట్టమంతారు?" అన్నాడు. చేట ఆకారంలో ఉందని అతను దాన్ని సేట అనేవాడు.

"నిన్న ఎటు ఉంది?"

"దచ్చినం మొకం పెట్టి పోనాడు బాబూ ఆ కంపినీ బాబు. కొత్త వస్తువు. దచ్చినం మొకం పెడతారా ఎవులైనా? ఊరి కాడ అందరూ అడుగుతున్నారు."

నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాడిని. దిక్కుల పట్టింపు లేదని పిల్లలకు చెప్పేవాడిని. అయితే ట్రాన్సిస్టరు రేడియో ఎటు తిప్పి పెట్టినా పాడుతుంది కదా, ఏ వైపైనా ఒకటే అయినప్పుడు ఊరివాళ్లను నొప్పించడం ఎందుకు అనిపించింది. మా బడిలో నల్లబల్లలు, జెండా దిమ్మ, నా కుర్చీ, అన్నీ తూర్పుకే ఉన్నాయి.

"తూర్పుకి పెట్టు," అన్నాను.

అతని మొహం వెలిగింది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం తొమ్మిదీ పదికి పెట్టె తూర్పు ముఖంగా ఎక్కేది, సాయంత్రం నాలుగూ నలభైకి దిగేది. కంప్యూటరు టీచరు తొమ్మిదిన్నర దాటాక వచ్చి, నాలుగింటి బస్సుకి వెళ్లిపోయేది. ఆమె చూసినంతసేపూ అది స్తంభం మీదే ఉండేది.

ఇంటర్నెట్ రాలేదు.

ముందు మేము కరెంటుని అనుమానించాం. పగలు కోత ఉండేది, కానీ కరెంటు ఉన్నప్పుడూ రాలేదు. తర్వాత మబ్బుల్ని, వాటి తర్వాత టవరుని. పిల్లలు వరసగా చెప్పులు విప్పి ఆ చల్లటి గదిలో కూర్చుని, ఇంటర్నెట్ అంటే ఏమిటో నోట్సు రాసుకునేవారు. ఆ అమ్మాయి నల్లబల్ల మీద పేజీల బొమ్మలు వేసి, "ఇక్కడ నొక్కితే ఇది వత్తాది" అని సుద్దముక్కతో నొక్కి చూపించేది. పిల్లలు బాగానే నేర్చుకున్నారు. పరీక్షలో ఒకమ్మాయి ఇంటర్నెట్ ఉపయోగాలు పదికి పది రాసింది.

నెలకోసారి కంపెనీ ఇంజనీరు విశాఖపట్నం నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. పాతికేళ్లు ఉంటాయేమో. డాబా ఎక్కి, దిగి, "అలైన్‌మెంటు పోయిందండి మాస్టారూ, సెట్ చేసేను" అనేవాడు. ఆ పూట ఇంటర్నెట్ వచ్చేది. మర్నాడు ఉండేది కాదు. అలైన్‌మెంటు అంటే ఇక్కడ ఏమిటని నేను అడగలేదు. కుర్రవాడిని అడిగి తెలుసుకోవడం హెడ్మాస్టరుకి కొంచెం కష్టం. డైరీలో మాత్రం "అలైన్‌మెంటు పోయినదట" అని రాశాను.

మూడోసారి వచ్చినప్పుడు అతను విసుక్కున్నాడు.

"ఎవరో తిప్పేత్తన్నారండి దీన్ని. గాలికైతే ఇంతలా తిరగదు."

"డాబా మీదకు ఎవరూ వెళ్లరు," అన్నాను. అటెండరు నా లెక్కలో ఎవరూ కాదు.

"అయితే కోతులండి."

"ఈ ఊళ్లో కోతుల్లేవండి," అంది కంప్యూటరు టీచరు.

"లేకపోవడమేటండి, వచ్చి పోతంటాయి. మీరు చూసుండరు." అతను రిపోర్టులో కోతులు అనే రాసుకుని వెళ్లాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరు అటువైపే చూస్తూ, "కోతి కూడా దచ్చినం తిప్పదు," అన్నాడు నెమ్మదిగా. నేను పట్టించుకోలేదు. ఆ సాయంత్రం కూర్చుని, ఆ ఊళ్లో కోతుల్లేవని పంచాయతీ పెద్ద చేత ధ్రువపత్రం రాయించి, మూడు ప్రతులు పంపాను.

దానికి జవాబు రాలేదు. జనవరిలో ఇంకొక కాగితం వచ్చింది. మా బడిలో ఇంటర్నెట్ వాడకం దాదాపు సున్నా అనీ, కంప్యూటరు టీచరు పని చేయడం లేదని దీన్నిబట్టి తెలుస్తోందనీ, ఆమెను నెలాఖరుకి తొలగిస్తున్నామనీ, అభ్యంతరం ఉంటే హెడ్మాస్టరు వారంలోగా ఆధారాలతో రాయాలనీ దాని సారాంశం. ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివి నా బల్ల మీద పెట్టింది.

"మా నాన్నకి ఏటని చెప్పనండి? పని చేయలేదని తీసేసేరని చెప్పనా?"

నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఆధారాలు కావాలన్నారు. ఆధారాలు నా దగ్గర ఉన్నంతగా ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా ఉండవు. మర్నాడు, జూన్ నుంచి రాసిన డైరీ పట్టుకొచ్చాను. మధ్యాహ్నం బడి వదిలే ముందు, నేను చదువుతుంటే ఆమె తెల్లకాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది.

"సోమవారం. కంప్యూటరు టీచరు తొమ్మిదీ ముప్పై అయిదుకి హాజరు. ఏడు, ఎనిమిది తరగతులకు పాఠం. కరెంటు పది నుంచి పన్నెండు వరకు లేదు. నెట్‌వర్క్ రాలేదు. నాలుగూ నలభైకి పరికరం దించి బీరువాలో. తాళం నా వద్ద. మంగళవారం. తొమ్మిదీ పదికి పరికరం ఎక్కించి తూర్పు ముఖం..."

ఆమె పెన్ను ఆగింది.

"ఏటి దించేరు మాస్టారూ?"

"పరికరం."

"ఏ పరికరమండీ?"

"డాబా మీదిదమ్మా. తెల్లది."

"రోజూనా?"

"సెలవు రోజుల్లో దించను. ముందు రోజు దించింది బీరువాలోనే ఉంటుంది కదా."

ఆమె పెన్నుకి క్యాపు పెట్టింది. తర్వాత, పిల్లలకు పాఠం చెప్పినంత ఓపికగా, తెల్లకాగితం మీద ఒక మూల టవరు, ఒక మూల బడి బొమ్మ వేసి, రెండింటికీ మధ్య ఒక గీత గీసింది. పెట్టె టవరు కేసి చూడాలి. వెంట్రుక వాసి తేడా వస్తే గీత తప్పిపోతుంది. అద్దంతో ఎండను గోడ మీద ఒక చుక్క మీదకు పంపినట్టు. ఆ ఉదాహరణ నేను ఎనిమిదో తరగతికి కాంతి పాఠంలో ముప్పై ఏళ్లు చెప్పాను.

"టవరు అనకాపల్లిలో కదండీ ఉన్నాది. మనకి దక్షిణం," అంది.

అటెండరుని పిలిచాం. విషయం విని అతను మొదట ఆమె కేసి, తర్వాత నా కేసి చూశాడు.

"తూరుపన్నది తమరే కదా బాబూ."

"నేనే అన్నాను."

"మరి నానేటి సేసేను?"

"నువ్వేమీ చేయలేదు," అన్నాను.

"ఆరు నెల్లనించి పొద్దున్న లేచి ఆ టవరుని తిట్టుకుంటన్నానండి," అంది ఆమె. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "బస్సులోంచి కనిపిత్తాది. రోజూ తిట్టేదాన్ని."

ఆమె పని చేసిందని నిరూపించే ప్రతి పేజీలోనూ, పని జరగకుండా చేసింది నేనని రుజువు ఉంది. రెండు వాక్యాలూ పక్కపక్కనే, ఒకే సిరాతో ఉన్నాయి. ఒకటి కత్తిరించి రెండోది పంపడం కుదరదు. కుదిరినా, నేను అలా చేస్తే ఆమె చూస్తుంది. ఇంటికి వెళ్లి, ఆ పేజీలు ఉన్నవి ఉన్నట్టు పైకి పంపుతానని మా ఆవిడకి చెప్పాను.

"పింఛను కాయితాలు పంపిన నెలలోనే ఈ బుద్ధి పుట్టాలేటండీ మీకు? డైరీలో నిజం రాసుకోవడం ఒక ఎత్తు. దాన్ని జెరాక్సు తీయించి పైవాళ్లకి పంపడం ఇంకొక ఎత్తు."

ఆమె కూరగాయలు తరగడం అయ్యాక అడిగింది.

"మీరు పంపకపోతే ఆ పిల్ల మాటేటి?"

"తీసేస్తారు."

"అయితే పంపండి. కానీ ఆ స్టేషను దగ్గర సెంటర్లో తీయించకండి. అక్షరాలు మసిగా వత్తాయి. తప్పు ఒప్పుకున్నా శుభ్రంగా ఒప్పుకోవాలి."

నలభై పేజీల నకళ్లతో, తప్పు నాదేనని ఉత్తరం రాసి, స్వయంగా జిల్లా ఆఫీసుకి పట్టుకెళ్లాను. అక్కడ ఈ పథకం చూసే అధికారి వేరే జిల్లా నుంచి వచ్చినాయన. నకళ్లు తిరగేస్తుంటే ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. సస్పెన్షన్ అనే మాట ఎలా వినాలో నేను బస్సులో సాధన చేసుకుని వచ్చాను.

"రోజూ దింపించారా?" అన్నాడు.

"రోజూ."

"ఒక్కసారి కూడా పోలేదా?"

"పరికరం పోలేదండి. నెట్‌వర్కే రాలేదు."

రెండో వాక్యం ఆయన వినలేదు. పక్క గదిలోంచి ఇంకొకరిని పిలిచి నా డైరీ పేజీలు చూపించాడు. హైవే పక్క బళ్లలో ఈ పెట్టెలు వరసగా ఎత్తుకుపోతున్నారట. ఒకచోట స్తంభంతో సహా తీసుకుపోయారట. ఆ పోలీసు ఫిర్యాదులతో ఆయన బల్ల నిండిపోయి ఉంది. "చూడండి, ఇలా ఉండాలి హెడ్మాస్టరంటే," అన్నాడు.

"మరి ఆ అమ్మాయి ఉద్యోగం?"

"అది నా చేతిలో లేదండీ. లెక్క హైదరాబాదులో కంప్యూటరు చూసుకుంటుంది. సున్నా ఉంటే పేరు తీసేస్తుంది."

"తప్పు నాదని దానికి ఉత్తరం రాయవచ్చా?"

"దానికి రాయడానికి అడ్రసు లేదు. నెలాఖరులోగా వాడకం చూపించండి. చాలు."

"అయితే పరికరం రాత్రిళ్లు పైనే ఉంచేయమంటారా?"

"పోతే బాధ్యత ఎవరిది?"

"నాదే."

"మరి నన్నెందుకు అడుగుతారు?"

నెలాఖరుకి పన్నెండు పనిదినాలు ఉన్నాయి. మర్నాడు ఉదయం, కంప్యూటరు టీచరు తన ఇష్టప్రకారం, తగు జాగ్రత్తతో డాబా ఎక్కవచ్చునని అనుమతి పత్రం రాసి సంతకం చేసి ఆమె చేతికిచ్చాను. ఆమె చున్నీ నడుముకి బిగించుకుని నిచ్చెన ఎక్కింది. అటెండరు నిచ్చెన మధ్యలో నిలబడ్డాడు. కంప్యూటరు ముందు కూర్చుని, తెర మూల సిగ్నలు గీతలు ఎన్ని కనబడుతున్నాయో కిటికీలోంచి చెప్పడం నా పని.

"ఒక గీత," అన్నాను.

"ఒక గీతంటమ్మా," అన్నాడు అటెండరు పైకి.

"ఒకటా? మరి ఇప్పుడు?"

"ఏమీ లేదు."

"ఏటీ లేదంటమ్మా. ఎక్కువ తిప్పీసేవు. కుంచెం తాడిసెట్టు కాసి జరుపు."

"రెండు. మూడు. నాలుగు. ఆపమను."

"ఆపీమంటన్నారు. కదపకు తల్లీ, సెయ్యి తియ్యకు."

పెట్టె దక్షిణానికి, కొంచెం తూర్పుకి ఒరిగి నిలిచింది. ఆ కొంచెం తూర్పు చూసి అటెండరు తృప్తి పడ్డాడు. గోడ మీద పథకం పేరు రాసిన ఎర్ర రంగు డబ్బా అడుగున ఇంకా కాస్త మిగిలి ఉంది. ఆమె పెట్టెకీ స్తంభానికీ కలిపి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు వేసింది. సాయంత్రం దించినా, ఉదయం గీతకి గీత కలిపి బిగిస్తే చాలు. ఆ పెయింటు ఆరేదాకా అటెండరు అక్కడే కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం తెర మీద నాలుగు గీతలూ వచ్చాయి. ఆ పన్నెండు రోజుల్లో మా బడి ఇంటర్నెట్‌ని వాడిన వాడకం ఇంకెవరూ వాడి ఉండరు. కరెంటు ఉన్న ప్రతి నిమిషం ఎవరో ఒకరు నొక్కుతూనే ఉన్నారు. లెక్కల పీరియడ్లు, డ్రిల్లు పీరియడ్లు అన్నీ ఆమెకే ఇచ్చేశాను. లెక్కల మాస్టారు అలిగాడు. ఊరి రైతులు కూడా వచ్చి అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధర చూపించమన్నారు. తెర మీద వచ్చింది మొన్నటి ధర. ఇవాళ్టి ధర మా అటెండరుకి పొద్దున్నే బండివాళ్లు చెప్పేశారు. అయినా వాళ్లు వరసలో నిలబడి మొన్నటి ధర చూసి, సంతోషించి వెళ్లారు.

నెలాఖరు గడిచింది. ఆమె పేరు తీసేయలేదు. నెల తిరిగేసరికి, పై ఏడాదికి కూడా కొనసాగిస్తున్నట్టు కాగితం వచ్చింది. అది చదివి, మడిచి, పర్సులో పెట్టుకుని, వెళ్లి ఏడో తరగతికి పాఠం చెప్పింది.

ఆ కాగితం వెనకే ఇంకొక సర్క్యులరు వచ్చింది. ఒక హెడ్మాస్టరు చూపిన శ్రద్ధ ఆదర్శంగా తీసుకుని, జిల్లాలోని అన్ని బళ్లలోనూ వైర్‌లెస్ పరికరాన్ని రోజూ సాయంత్రం దించి బీరువాలో భద్రపరచాలని ఉత్తర్వు. నా ఉత్తరంలో తప్పు ఒప్పుకున్న పేరాలు ఆ ఆదర్శంలోకి రాలేదు. పదిహేను రోజుల్లో జిల్లాలో అప్పటిదాకా పనిచేస్తున్న నెట్‌వర్కులన్నీ పడుకున్నాయి. ఇంజనీరు కుర్రవాడు మోటారు సైకిలు మీద తిరిగి తిరిగి, ఇన్ని కోతులు ఎక్కడివని తల పట్టుకున్నాడట. ఆఖరికి ఎవరో మా బడి ఎర్ర గీతల సంగతి అధికారికి చెప్పారు. దాంతో మా కంప్యూటరు టీచరుని వారంలో మూడు రోజులు మిగతా బళ్లకు తిరిగి, పెట్టె సరిచేసి, గీతలు వేసి రమ్మన్నారు. ప్రతిచోటా హెడ్మాస్టర్లు ఆమెను నిచ్చెన ఎక్కనివ్వడానికి జంకితే, నేను రాసిన అనుమతి పత్రం నకలు తీసుకెళ్లి చూపించేది. వాళ్లూ అదే మాటలు చూసి రాసి సంతకం పెట్టేవారు.

నా రిటైర్మెంటుకి వారం ముందు, ఆమె ఒక బడి నుంచి తిరిగి వస్తూ నా గదికి వచ్చింది. వేళ్ల మీద ఎర్ర రంగు ఉంది. సంచిలో డబ్బా, బ్రష్షు, గుడ్డముక్క ఉన్నాయి. నా పింఛను కాగితాలు అప్పటికి ఏ ఆటంకమూ లేకుండా కదిలాయి.

"ఇంకెన్ని బళ్లున్నాయమ్మా?" అని అడిగాను.

"చాలా ఉన్నాయండి. వానలకి గీతలు వెలిసిపోతాయి కదా, ముందు వేసినవి మళ్లీ వేయాలి. రెండు మూడేళ్లకి నాకు పని సరిపోతాది."

నాకు మనసులో ఉన్నది అడిగేశాను. "పెట్టెలు దించక్కర్లేదని, పైనే గొలుసు వేసి తాళం వేస్తే చాలని, ఆ సర్క్యులరు రద్దు చేయమని పైకి ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. వెళ్లేలోగా నా బాధ్యత కదా."

ఆమె సంచి కింద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మాస్టారూ, మీకో దండం. ఇంకో మూడేళ్లాగి రాయండి."

అటెండరు తలుపు దగ్గర నవ్వుతున్నాడు. ఉత్తరం కోసం తీసిన తెల్లకాగితం మళ్లీ సొరుగులో పెట్టేశాను.